ఎర్తు వేశాకే ఎక్కుదాం

సికింద్రాబాద్ స్టేషన్‌కు దగ్గర్లోనే ఉన్న లాలాగూడ ఎలక్ట్రిక్ లోకో షెడ్‌లో ఇంజను లోపలి హైవోల్టేజి క్యాబినెట్ తెరవాలంటే ముందు ఒక నీలం తాళంచెవి కావాలి. డబ్ల్యూఏపీ-7 వంటి త్రీఫేజ్ ఇంజన్లలో ఆ తాళంచెవి పాంటోగ్రాఫ్‌కు గాలి వెళ్లే దారిలో ఉంటుంది. దాన్ని తిప్పి బయటికి తీస్తే గాలి ఆగిపోతుంది. గాలి లేనిదే పాంటో పైకి లేవదు, పైనున్న 25 వేల వోల్టుల తీగను అందుకోదు. ఆ నీలం తాళంచెవిని తెచ్చి ఎర్తింగ్ స్విచ్‌లో పెడితేనే దాని హ్యాండిల్ తిరుగుతుంది. హ్యాండిల్ తిరిగితే సర్క్యూట్ బ్రేకరుకు అటూ ఇటూ రెండు వైపులా ఎర్తు పడుతుంది. పసుపు రంగు తాళంచెవులు చేతికొచ్చేది అప్పుడే. అవి ఉంటేనే మిగతా తలుపులు తెరుచుకుంటాయి.

ఈ వరుసలో మనిషి జ్ఞాపకశక్తికి ఎక్కడా పని లేదు. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న టెక్నీషియన్ అయినా, నిన్న చేరిన అప్రెంటిస్ అయినా నీలం తర్వాతే పసుపు. ఒక మెట్టు దాటేసి పోదామంటే తలుపు రాదు, అంతే.

అయితే ఈ ఏర్పాటుకీ ఒక హద్దుంది. ఇంజనులోని ఎర్తింగ్ స్విచ్ చంపేది ఇంజనులోని కరెంటునే. టాపు మీద వేలాడే తీగ బతికే ఉంటుంది. అందుకే టాపు మీద పని ఉంటే ఆ లైను ఐసొలేటర్‌ను వేరుగా తెరవాలి, తాళం వెయ్యాలి, తీగకు వేరుగా ఎర్తు వెయ్యాలి. రెండూ అయ్యాకే నిచ్చెన. బతికున్న ఓవర్‌హెడ్ తీగకు 2 మీటర్ల లోపల పర్మిట్ లేకుండా ఏ పనీ చేయకూడదన్నది రైల్వే నియమం. తాకితేనే ప్రమాదం అనుకునేవాళ్లకు ఈ 2 మీటర్లు అతిగా కనిపిస్తుంది. ఆగి ఉన్న గూడ్స్ వ్యాగన్ ఎక్కి సెల్ఫీ తీసుకోబోయిన కుర్రాళ్లలో తీగను ముట్టుకోకుండానే కాలిపోయినవాళ్లున్నారు. చాలినంత దగ్గరికి వెళ్తే 25 వేల వోల్టులు గాలిని చీల్చుకుని మనిషి మీదికి దూకుతాయి.

లాలాగూడ ఇంజనుకు తాళంచెవుల వరుస ఉంది. వీధి చివర ట్రాన్స్‌ఫార్మరుకు లేదు. నాచారంలోనో చర్లపల్లిలోనో ఒక చిన్న ఫ్యాక్టరీలో మోటారు ఇన్సులేషన్‌ను మెగ్గర్‌తో పరీక్షించే ఎలక్ట్రీషియన్‌కు లేదు. రిపేరు షెడ్‌లో ట్రాన్స్‌ఫార్మరు నూనె పరీక్షించే కుర్రాడికి అంతకన్నా లేదు. అక్కడ ఆ వరుస మనిషి అలవాటులో ఉండాలి. వ్యక్తిత్వం గురించిన ఈ పుస్తకంలో కరెంటు పని మీద ఒక అధ్యాయం ఉండటానికి కారణం ఇదే. హెచ్‌టీ (హై టెన్షన్) పరికరాలను పరీక్షించేవాళ్లను ఇంటికి చేర్చేది ధైర్యం కాదు, తెలివి కూడా కాదు. ‘సప్లై ఆపేశాం’ అన్న మాటను చేత్తో రుజువు చేసుకునేదాకా నమ్మని గుణం.

ఎల్సీ అంటే కాగితం మాత్రమే కాదు

తెలంగాణ, ఆంధ్ర విద్యుత్ సిబ్బంది నోట రోజూ నలిగే మాట ‘ఎల్సీ’, అంటే లైన్ క్లియర్. లైన్‌మన్ సబ్‌స్టేషన్‌కు చెప్పి ఎల్సీ తీసుకుంటాడు. ఆపరేటర్ ఫీడరు ఆపి, లాగ్‌బుక్కులో సమయం రాసి, ఆపానని చెబుతాడు. పని ముగిశాక ఎల్సీ తిరిగి ఇస్తేనే మళ్లీ చార్జి చేయాలి. పద్ధతి బాగుంది. ప్రాణాలు పోయేది దాని సందుల్లో.

ఒకే స్తంభాల మీద రెండు ఫీడర్లు పోతుంటాయి. ఎల్సీ ఒకదానికి తీసుకుని ఇంకోదాని మీద చెయ్యి వేసినవాళ్లున్నారు. ఒకే ఫీడరు మీద రెండు గ్యాంగులు పనిచేస్తుంటాయి. ముందు ముగించిన గ్యాంగు ఎల్సీ తిరిగిచ్చేస్తే, రెండో గ్యాంగు ఇంకా స్తంభం మీదే ఉండగా ఫీడరు చార్జి అవుతుంది. అపార్ట్‌మెంటు సెల్లారులో ఎవరో జనరేటర్ వేస్తారు. ఛేంజోవర్ స్విచ్ సరిగా లేకపోతే ఆ కరెంటు వెనక్కి వస్తుంది. అది ట్రాన్స్‌ఫార్మరులో ఎల్టీ (లో టెన్షన్) వైపు నుంచి ఎక్కి హెచ్‌టీ వైపు 11 వేల వోల్టులుగా మారుతుంది. దీన్నే మనవాళ్లు రిటర్న్ సప్లై అంటారు. సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ తెరిచే ఉంది, ఆపరేటర్ చెప్పింది నిజమే, లైన్‌మన్ విన్నదీ నిజమే. అయినా తీగలో కరెంటుంది.

ఈ మూడు సందర్భాలనూ తప్పించేది ఒక్కటే: పనిచేసే చోటుకు రెండు వైపులా, కంటికి కనిపించేంత దగ్గర్లో, మూడు ఫేజులనూ కలిపి షార్ట్ చేసి ఎర్తు చెయ్యడం. రిటర్న్ సప్లై ఏ వైపు నుంచి వచ్చినా ముందు ఎర్తులోకి పోతుంది. పొరపాటున ఫీడరు చార్జి చేస్తే సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ వెంటనే ట్రిప్ అవుతుంది. రైల్వేలో దీనికి ఇంకో కారణం కూడా ఉంది. డబుల్ లైనులో ఒక ట్రాక్ తీగ ఆపినా, పక్క ట్రాక్ మీద 25 కె.వి. నడుస్తూనే ఉంటుంది. దాని ప్రేరణతో ఆపిన తీగలో కూడా ప్రాణం తీసే వోల్టేజి పుడుతుంది. ఎవరూ స్విచ్ వెయ్యకుండానే.

జర్మనీలో ఎలక్ట్రీషియన్లకు మొదట్లోనే నూరిపోసే ఐదు సూత్రాలు కూడా ఈ క్రమమే. ఆపు. మళ్లీ ఎవరూ వెయ్యకుండా తాళం వెయ్యి. లేదని రుజువు చేసుకో. ఎర్తు చేసి షార్ట్ చెయ్యి. పక్కనున్న బతికిన భాగాలను కప్పు లేదా కంచె కట్టు. ఇందులో మన దగ్గర ఎక్కువగా ఎగిరిపోయేది మూడోది. టెస్టరు పెట్టి చూస్తారు, వెలగలేదు కాబట్టి లేదంటారు. టెస్టరే చెడిపోయి ఉంటే? అందుకే మూడు మెట్ల పద్ధతి. కరెంటు ఉందని ఖాయంగా తెలిసిన చోట ముందు పరికరాన్ని చూడాలి. తర్వాత పనిచేసే చోట చూడాలి. మళ్లీ వెనక్కి వచ్చి కరెంటు ఉన్నచోట ఇంకోసారి చూడాలి. అర నిమిషం పడుతుంది. ఇక జేబులో ఉండే నియాన్ టెస్టరు ఇంటి స్విచ్‌బోర్డుకే. హెచ్‌టీ దగ్గర దాన్ని బయటికి తీయడమే నేరం.

ఆపాక కూడా మిగిలేది

పరీక్షలు చేసేవాళ్లకు మామూలు లైన్‌మన్‌కు లేని ఇంకో శత్రువు ఉంటుంది. వాళ్లే ఎక్కించిన చార్జి.

లెక్క చూస్తే నమ్మకం కుదురుతుంది. కిలోమీటరు పొడవున్న 11 కె.వి. భూగర్భ కేబుల్‌కు దాదాపు 0.4 మైక్రోఫారడ్ కెపాసిటెన్స్ ఉంటుంది. దానికి 18 కిలోవోల్టుల డీసీ ఎక్కించి పరీక్షించి, కిట్ ఆపేశారనుకుందాం. అందులో నిలిచిపోయిన శక్తి దాదాపు 65 జౌళ్లు. ఆగిపోబోయే గుండెను దారిలో పెట్టడానికి ఆసుపత్రుల్లో కొలిచి, చూసి ఇచ్చే షాకు నూటఇరవై జౌళ్ల నుంచి మొదలవుతుంది. అందులో సగం పైచిలుకు శక్తి కిట్ స్విచ్ ఆపేశాక కూడా ఆ కేబుల్ కొసన నిశ్శబ్దంగా కూర్చుని ఉంటుంది. అవతలి కొస ఎక్కడో గల్లీ మలుపులో తెరిచిన పెట్టెలో ఉంటే, అక్కడ మనిషిని నిలబెట్టకుండా పరీక్ష మొదలుపెట్టడం నేరం.

ఇంకా కుటిలమైన సంగతి ఒకటుంది. డిశ్చార్జి రాడ్డు తగిలిస్తే టప్పుమని చప్పుడొస్తుంది, మెరుపొస్తుంది, ‘పోయింది’ అనుకుంటారు. రాడ్డు తీసిన కొన్ని నిమిషాలకు అదే కేబుల్‌లో, అదే వైండింగ్‌లో వోల్టేజి మళ్లీ తేలుతుంది. ఇన్సులేషన్ లోపలి పొరల్లోకి ఇంకిన చార్జి మెల్లగా బయటికి రావడమే దానికి కారణం. మోటార్లు, జనరేటర్ల వైండింగుల పరీక్షకు ప్రపంచమంతా వాడే ఐఈఈఈ-43 ప్రమాణం దీనికి ఒక లెక్క చెబుతుంది. ఎంతసేపు వోల్టేజి ఎక్కించామో దానికి నాలుగింతలు ఎర్తు ఉంచాలి. ఇన్సులేషన్ స్థితిని చెప్పే పోలరైజేషన్ ఇండెక్స్ కోసం మెగ్గర్‌ను 10 నిమిషాలు నడిపితే, ఎర్తు 40 నిమిషాలు. ఈ నలభై నిమిషాలూ వృథా కావు. రీడింగులు రాసుకోవచ్చు, తర్వాతి మోటారు టెర్మినల్ బాక్స్ విప్పుకోవచ్చు. కానీ ఆ లీడ్ల మీద మాత్రం చెయ్యి పడకూడదు.

రాడ్డు వాడకంలోనూ ఒక వరుస ఉంది. ముందు క్లాంపును ఎర్తుకు బిగించాలి. తర్వాతే కొక్కెం ఉన్న కొసను కండక్టరుకు తాకించాలి. తీసేటప్పుడు తలకిందులు: ముందు కొక్కెం, చివర క్లాంపు. క్లాంపు బిగించకుండా కొక్కెం తగిలించిన మనిషి చేతిలో ఉన్నది ఎర్తు రాడ్డు కాదు, లైవ్ రాడ్డు. పరీక్ష ఎక్కువ వోల్టేజిదైతే మొదట రెసిస్టర్ ఉన్న కొసతో చార్జిని నెమ్మదిగా దింపి, ఆపై నేరుగా ఎర్తు వెయ్యాలి. రంగు మాసిన కర్ర, తెగిపోబోతున్న రాగి తీగ, తుప్పు పట్టిన క్లాంపు ఉంటే ఆ రాడ్డును ఆ రోజే పక్కన పెట్టాలి.

ట్రాన్స్‌ఫార్మరు నూనె పరీక్ష చూడటానికి చాలా చిన్నది. బల్ల మీద కిట్, గాజు కప్పు, అందులో ఎదురెదురుగా రెండు లోహపు గుండ్లు, వాటి మధ్య 2.5 మిల్లీమీటర్ల సందు. నూనె పోసి, బుడగలు పోయేదాకా ఆగి, సెకనుకు 2 కిలోవోల్టుల చొప్పున పెంచుకుంటూ పోతారు. ఒకచోట నూనెలో సన్నని నీలి మెరుపు చిటుక్కుమంటుంది. అదే ఆ నూనె తట్టుకోగల హద్దు. ఇలా ఆరుసార్లు తీసి సగటు రాస్తారు. ఫిల్టరు చేయని కొత్త నూనె కనీసం 30 కిలోవోల్టులు ఆగాలి. ప్రతిసారీ మధ్యలో నూనె కలపాలి, అంటే మూత తెరవాలి. మూత తెరిస్తే సప్లై కట్టయ్యే చిన్న స్విచ్ అందుకే ఉంది. ఆరు రీడింగులు తొందరగా ముగించాలని ఆ స్విచ్‌ను టేపుతో నొక్కి ఉంచిన కిట్ ఎక్కడైనా కనబడితే, దాన్ని వాడకండి. టేపు పీకి, సూపర్‌వైజర్‌కు చెప్పండి. 60 కిలోవోల్టుల దాకా వెళ్లే పెట్టెకు ఉన్న ఒకే ఒక్క కాపలా అది.

సీటీల సంగతి ఒక్క మాటలో: లోడు నడుస్తున్నప్పుడు కరెంట్ ట్రాన్స్‌ఫార్మరు సెకండరీని తెరవకూడదు. తెరిస్తే ఆ చిన్న టెర్మినళ్ల మీదే వేల వోల్టులు లేస్తాయి. రిలే పరీక్షకు ముందు షార్టింగ్ లింకు వేసి, వేశానని పక్కవాడికి చూపించి, అప్పుడే వైరు విప్పాలి.

ఎంత కరెంటు చాలు?

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చార్లెస్ డాల్జియెల్ అనే ఇంజనీరింగ్ ప్రొఫెసర్ స్వచ్ఛందంగా వచ్చిన మనుషుల మీద చేసిన ప్రయోగాలు ఈ రంగానికి పునాది. చేతిలోంచి పోయే ఏసీ కరెంటు ఎంతయితే మనిషి పట్టుకున్న తీగను వదలలేకపోతాడో ఆయన కొలిచాడు. మగవాళ్లలో సగటున అది 16 మిల్లీయాంపియర్లు. మన ఇళ్లలో ఒకప్పుడు వెలిగిన 60 వాట్ల బల్బు లాగే కరెంటులో ఇది పదహారో వంతు. కండరాలు బిగుసుకుని, నోరు కూడా రాకుండా, తీగను పట్టుకునే ఉండిపోతాడు. 

అంత తక్కువ కరెంటే చాలు కాబట్టి, చేతికి తొడిగే గ్లవ్స్ గురించి కూడా క్లుప్తంగా. తరగతి చూడాలి: 0 తరగతి 1000 వోల్టుల వరకు, 2 తరగతి 17 వేల వోల్టుల వరకు, 4 తరగతి 36 వేల వరకు. వేసుకునే ముందు మణికట్టు వైపు నుంచి చుట్టుకుంటూ పోయి గాలిని వేళ్లలో బంధించి, చెంప దగ్గర పెట్టుకుని నొక్కాలి. సూది మొనంత చిల్లున్నా గాలి చెంపకు తగులుతుంది. చిల్లుపడిన గ్లవ్ గ్లవ్ కాదు. గ్లవ్ ఎంత మంచిదైనా ఎర్తుకు బదులు కాదు.

నోటితో చెప్పడం

 సికింద్రాబాద్ కేంద్రంగా నడిచే దక్షిణ మధ్య రైల్వే ఇంజన్లలో ఏ క్యాబ్ చూసినా ఒక అలవాటు కనిపిస్తుంది. సిగ్నల్ కనబడగానే లోకో పైలట్, అసిస్టెంటు ఇద్దరూ చెయ్యెత్తి దాని రంగును పైకి పలుకుతారు. ఇద్దరికీ కళ్లున్నాయి, ఇద్దరికీ కనబడుతోంది, ఇంక చెప్పడమెందుకు అనిపిస్తుంది బయటివాళ్లకు. చూపు ఒకచోట, మనసు ఇంకోచోట ఉండటం మనిషికి సహజం. చెయ్యి, నోరు కలిస్తే మనసు కూడా అక్కడికి వస్తుంది. జపాన్ రైల్వే పరిశోధన సంస్థ ఈ పద్ధతి మీద చేసిన ప్రయోగంలో చెయ్యి చూపి, పైకి పలికినప్పుడు తప్పులు దాదాపు 85 శాతం తగ్గాయి.

హెచ్‌టీ పరీక్ష బల్ల దగ్గర ఇదే చెయ్యొచ్చు. ‘కిట్ ఆఫ్’, ‘ప్లగ్ తీశాను’, ‘రాడ్డు క్లాంపు బిగించాను’, ‘ఎర్తు పడింది’ అని వేలు చూపి పలకాలి. రెండో మనిషి చూసి, తిరిగి పలకాలి. ఆ రెండో మనిషికి వేరే పని ఉండకూడదు. ఫోను చేతిలో ఉండకూడదు. ఎమర్జెన్సీ స్విచ్ ఎక్కడుందో అతనికి తెలిసి ఉండాలి. షాకు తగిలితే ముందు సప్లై తీసి, ఆ తర్వాతే మనిషిని పట్టుకోవాలనీ, శ్వాస లేకపోతే వెంటనే ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టాలనీ తెలిసి ఉండాలి.   108 అంబులెన్స్ ఎంత దగ్గర్లో ఉన్నా మొదటి నాలుగు నిమిషాలూ మాత్రం పక్కనున్నవాడివే. షాకు చికిత్స పటాన్ని స్థానిక భాషలో కూడా కనబడేచోట పెట్టాలని విద్యుత్ భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. మీ గదిలో అది బీరువా వెనక్కి పోయి ఉంటే ఇవాళే బయటికి తీయండి.

శ్రీశైలం చెప్పింది

2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో మంటలు లేచాయి. 900 మెగావాట్ల కేంద్రం. తొమ్మిది మంది చనిపోయారు. వాళ్లలో ఇంజనీర్లున్నారు. బ్యాటరీల పని మీద వచ్చిన ఒక ప్రైవేటు సంస్థ సిబ్బంది ఇద్దరున్నారు. భూమి లోపలి సొరంగంలో పొగ నిండితే ఎటు పరిగెత్తాలో తెలియదు.

బ్యాటరీలంటే చిన్న విషయంగా వినిపిస్తుంది. కానీ ఏ సబ్‌స్టేషన్‌లోనైనా, ఏ పవర్‌హౌస్‌లోనైనా రిలేలు పనిచేసేదీ, బ్రేకర్ ట్రిప్ అయ్యేదీ ఆ డీసీ సప్లైతోనే. అది లేకపోతే ఎంత ఖరీదైన రక్షణ వ్యవస్థ అయినా చూస్తూ ఉండిపోతుంది. కాబట్టి పరీక్షలు చేసేవాళ్లకు ఇది కచ్చితమైన నియమం కావాలి. బ్యాటరీలు, రిలేలు, ట్రిప్ సర్క్యూట్ల వంటి కాపలా వ్యవస్థ మీదే పని ఉంటే, ఆ సమయానికి కాపలా వేరే ఎవరిదో ముందే రాసుకోవాలి. ప్రత్యామ్నాయ డీసీ పెట్టి పరీక్షించాలి. అది కుదరకపోతే యంత్రాన్ని ఆపాలి. ఉత్పత్తి పోతుందన్న బాధ నిజమే, కానీ ఆ తొమ్మిది కుటుంబాల బాధ ముందు అది ఏ పాటి?

వద్దనడం

ఆషాఢంలో ఉజ్జయిని మహంకాళి బోనాలకు సికింద్రాబాద్ వీధులు కిక్కిరిసి ఉన్నప్పుడు ఫీడరు పోతే ఒత్తిడి ఎలా ఉంటుందో విద్యుత్ సిబ్బందికే తెలుసు. ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్లు ఆగవు. పైనుంచి అధికారి, కింద నుంచి జనం. అప్పుడు ఒక జూనియర్ లైన్‌మన్ స్తంభం కింద నిలబడి, ‘ఎర్తు ఏశినంక ఎక్కుతా సార్’ అనగలగాలి. ఆ మాట అన్నందుకు అతను ఎవరికీ సంజాయిషీ చెప్పుకోవలసిన పని ఉండకూడదు. ఇక్కడ భారం ఎక్కువగా పైవాళ్ల మీదే ఉంది. కింది ఉద్యోగి ఎంత ధైర్యవంతుడైనా, వద్దన్నవాడిని పిరికివాడనే చోట ఆ మాట రెండోసారి రాదు. ‘ఐదు నిమిషాలు ఆగండి, ఎర్తు వేస్తున్నారు’ అని జనానికి చెప్పే పని అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) తన మీద వేసుకుంటే సగం ప్రమాదాలు అక్కడే ఆగుతాయి. 

విద్యుత్ ప్రమాదంలో ప్రాణం పోతే 24 గంటల్లో ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరుకు తెలియజేయాలని నిబంధన ఉంది. తృటిలో తప్పిన ప్రమాదానికి మాత్రం చాలాచోట్ల రికార్డు ఉండదు. క్లాంపు ఊడిన రోజు, ఎల్సీ వేరే ఫీడరుకు వచ్చిన రోజు, మెగ్గర్ లీడ్ మీద చెయ్యి పడబోయి ఆగిన రోజు టీ తాగుతూ చెప్పుకుని మరిచిపోతారు. మీ సెక్షన్‌లో వాటి కోసం ఒక రిజిస్టరు తెరవండి. పేర్లు అడగవద్దు, జరిగింది మాత్రం రాయించండి. నెలకోసారి అందరి ముందూ చదవండి. మీరు సెక్షన్ అధికారి అయితే మొదటి పేజీలో మీ సొంత అనుభవం రాసి కింద సంతకం పెట్టండి.